మొక్కుకోడి మెడ

పెళ్లిళ్లు స్వర్గంలో నిశ్చయమవుతాయని పెద్దలంటారు. కావచ్చు. నా పెళ్లి మాత్రం ఒక కోడిపుంజు మెడ మీద నిశ్చయమై, ఆ మెడ మీదే విరిగిపోబోయింది. అందుకు కారణం శని కాదు, శత్రువు కాదు, ఈ నా రెండు చేతులు. ఇవాళ ఇవే చేతులతో మనవలకి చేప ముళ్లు తీసి పెడుతుంటే, "మా తాతంత తెలివైనోడు ఈ సబేటో లోయలో లేడు" అంటారు వాళ్లు. పొయ్యి దగ్గర వాళ్ల నానమ్మ దగ్గుతుంది. ఆమెకి జలుబేమీ లేదు. ఆ దగ్గు ఎందుకో తెలియాలంటే నా పరువు కాస్త పోవాలి. పోనివ్వండి, ఈ వయసులో దానితో పనేముంది?

అవి నా గిర్మిట్ రోజులు. ఫిజీ ఏ దిక్కున ఉందో తెలియకుండానే విశాఖపట్నం జిల్లాలో కాగితం మీద వేలిముద్ర వేసి ఓడెక్కిన వాళ్లలో నేనొకణ్ణి. ఆ కాగితాన్నే గిర్మిట్ అనేవాళ్లం. నన్ను సబేటో లోయలో ఒక చెరకు ఎస్టేటుకి తోలారు. లైన్లనే కూలీల కొట్టాల వరసల్లో పెళ్లికాని మగవాళ్లని ముగ్గురేసి ఒక గదిలో కుక్కేవారు. నిద్రలో పక్కకి ఒత్తిగిలాలంటే మిగతా ఇద్దరినీ లేపి అనుమతి అడగాలి. పెళ్లి చేసుకుంటే వేరే గది ఇచ్చేవారు. ఇవ్వాలా వద్దా అన్నది మాత్రం కులంబరు ఇష్టం. కులంబరంటే మా మీద పెత్తనం చేసే తెల్లదొర.

మా పక్క లైనులో పైడమ్మత్త ఉండేది. వరసకి ఏమీ కాదు. ఓడ దిగినవాళ్లందరం ఒకరికొకరం వరసలు కలుపుకున్నాం, అంతే. మొగుడు పోయాక, కూతురు సింహాలుని వెంటబెట్టుకుని సముద్రం దాటిన మనిషి ఆవిడ. నడిసముద్రంలో సింహాలుకి జ్వరం వచ్చి, ఇక బతకదని ఓడంతా అనుకున్నప్పుడు పైడమ్మత్త నీళ్లలోకి వంగి గంగమ్మకి మొక్కుకుంది. "తల్లీ, నా గుంట నేల మీద కాలెడితే నీకు వంక లేని డేగపుంజునిచ్చుకుంటాను" అంది. గుంట కాలు పెట్టింది. పెట్టడమే కాదు, నాలాంటివాళ్ల గుండెల మీద నడవడం మొదలుపెట్టింది. నవ్వొస్తే అమ్మ చూస్తుందని దాన్ని దగ్గులోకి మార్చేసే అలవాటు ఆ పిల్లకి. ఆ దగ్గు వినడం కోసమే నేను వాళ్ల గుమ్మం ముందు ఎన్నిసార్లు కాలు జారి పడ్డానో చెప్పను.

వంక లేని డేగ దొరకడం మాత్రం కష్టమైంది. అమ్మవారికిచ్చే కోడికి కన్ను, కాలు, రెక్క, ఈక అన్నీ సవ్యంగా ఉండాలి. చివరికి పైడమ్మత్త ఒక గుడ్డుని ఎంచి, పొదిగించి, తన రేషనులోంచి నూకలు పెట్టి పుంజుని పెంచింది. ఎర్రగా, నిప్పుసెగలా మెరిసే మెడ దానిది. లైన్లలో నడిచిందంటే మాచేత పని చేయించే సర్దారు కూడా పక్కకి తప్పుకునేవాడు.

నేను ధైర్యం చేసి అడిగాను.

"అత్తా, సింహాలుని నాకియ్యి."

"ఇచ్చి ఏటి సేస్తావురా? నీ గదిలో ఇద్దరు మగోళ్లున్నారు. వోళ్ల మద్దిన పడుకోబెడతావేటి నా గుంటని?"

"గది సంపాదిస్తానత్తా."

"సంపాదించు. సలికాలంలో సెరకు మిల్లు కూసేలోగా నాను మొక్కు తీర్చీసుకోవాల. కోడి గంగమ్మకి, గుంట నీకు. ఆ రోజే తాంబూలాలు. గది నేకపోతే నీకూ నాకూ రాంరాం."

గది కావాలంటే కులంబరుని అడగాలి. పొలంలో ఆయన్ని అడగడం కన్నా ఎద్దుని పాలడగడం సుఖం. అక్కడ ఆయన నోరూ బెత్తమూ రెండూ ఊరుకునేవి కావు. నా వీపుకి ఆ బెత్తం బాగా తెలుసు. కానీ ఆదివారం పూట ఏటి ఒడ్డున ఆయన వేరే మనిషి. వేసవి నెలల్లో నీళ్లు వెచ్చగా ఉన్నంతకాలం, సముద్రం పోటుతో పాటు సాంగ అనే పెద్ద చేపలు సబేటో ఏట్లోకి ఎక్కి వస్తాయి. వాటి కోసం ఆయన సన్నటి బద్ద గడ, పట్టుదారం తీసుకుని వచ్చేవాడు. గాలం కొమ్మలకి చిక్కుకుంటే ఈది విడిపించడానికి ఒకడు కావాలి. "ఈత ఎవరికొచ్చు?" అని అడిగిన రోజున చెయ్యెత్తినవాణ్ణి నేనే.

ఆ దొర గాలానికి ఎర పెట్టేవాడు కాదు. కొక్కానికి కోడి ఈకలు చుట్టి, పురుగులా కనిపించేలా చేసి విసిరేవాడు. మొదటి ఆదివారం నేను జాలిపడి, ఆయన చూడకుండా కొక్కానికి ఒక రొయ్యని గుచ్చాను. దొర దాన్ని చూసి, నేను ఆయన టీలో ఉమ్మేసినట్టు నా వైపు చూశాడు. అసలు ఎర పెట్టకుండా చేపని ఒప్పించడమే ఆ ఆట అని నాకు అర్థం కావడానికి చాలా వారాలు పట్టింది. అర్థమయ్యాక మాత్రం నోరు తెరుచుకుని చూసేవాణ్ణి. ఆయన చెయ్యి అలా వెనక్కీ ముందుకీ ఊగితే దారం గాలిలో ముగ్గు వేసి, చప్పుడు లేకుండా నీటి మీద వాలేది. మనిషి మీద ఎంత కోపమున్నా ఆ చెయ్యిని మెచ్చుకోకుండా ఉండలేకపోయాను.

లోతు మడుగులో ఒక సాంగ ఉండేది. ఎంత పెద్దదంటే, అది తోక తిప్పితే అవతలి ఒడ్డున పీతలు ఇల్లు ఖాళీ చేసేవి. వేసవంతా దొర దానికి దండాలు పెట్టాడు. అది మాత్రం ఆయన గాలాలు తెంపుకుపోతూనే ఉంది. ఇంతలో చలికాలం రానే వచ్చింది. తూర్పు నుంచి పొడిగాలి మొదలైంది. చెరకు తెల్లగా పూత వేసింది. పొద్దున్నే ఏటి మీద పొగమంచు. నీళ్లలో కాలు పెడితే పళ్లు టకటకమనేవి. నీళ్లు చల్లబడితే సాంగలు సముద్రానికి దిగిపోతాయి. పైగా మిల్లు మొదలైతే దొరకి ఆదివారమూ ఉండదు.

దొర తన డబ్బా తెరిచి తల పట్టుకున్నాడు.

"గురయ్యా, ఎర్ర ఈకలు అయిపోయాయి. సిడ్నీ ఓడ వచ్చేసరికి ఆట ముగిసిపోతుంది. దానికి ఎరుపే ఇష్టం, నాకు తెలుసు."

ఆయన హిందుస్తానీ, నా హిందుస్తానీ రెండూ కుంటివే కాబట్టి ఒకదాన్నొకటి పట్టుకుని నడిచేవి.

"ఎర్ర ఈకలు తెస్తే?" అన్నాను.

"ఆ చేప పడితే, ఏది కావాలంటే అది అడుగు."

"గది సాబ్. పెళ్లైనవాళ్ల గది."

"చేప పడనీ. గది నీదే."

చూశారా, నా బుర్ర ఎంత చురుగ్గా పనిచేసిందో! పిల్ల కావాలంటే గది కావాలి. గది కావాలంటే చేప కావాలి. చేప కావాలంటే ఎర్ర ఈక కావాలి. ఎర్ర ఈక లోయ మొత్తం మీద ఒకే ఒక్క మెడ మీద ఉంది. ఆ మెడకి వంక వస్తే పిల్ల దక్కదు. ఈ చివరి మెట్టు ఒక్కటి నేను చూసుకోలేదు. పెళ్లికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకున్నవాడైనా నయం. నేను పెళ్లికి వెళ్తూ కోడినే పీకాను.

సాయంత్రం పైడమ్మత్త నీళ్లకి వెళ్లగానే పుంజుని ఒడిలో పెట్టుకుని, మెడ నిమురుతూ నాలుగు ఈకలు లాగాను. అది నన్ను నమ్మి కళ్లు మూసుకుంది. ఇప్పటికీ ఆ సంగతి తలుచుకుంటే నాకు సిగ్గేస్తుంది. గోడ వెనక ఎవరో దగ్గినట్టనిపించింది. చలిగాలి కదా, ఎవరికో జలుబు చేసిందనుకున్నాను.

"భేష్! ఎక్కడివి?" అన్నాడు దొర.

"ఒక ముసలి కోడి చచ్చిపోయింది సాబ్."

ఆ ఆదివారం గాలాలు రెండు కొమ్మలకి పోయాయి, ఒకటి సాంగ పట్టుకుపోయింది. "ఇంకొన్ని తే, ఇంకా పొడుగువి" అన్నాడు. తెచ్చాను. పొడుగువి బరువయ్యాయి, పొట్టివి కావాలన్నాడు. అవీ తెచ్చాను. "ఆ చచ్చిన కోడికి ఎన్ని ఈకలున్నాయి?" అని ఆయన ఆశ్చర్యపోతుండగానే, ఇక్కడ బతికున్న కోడికి మెడ మీద ఏమీ లేకుండా పోయింది. కిందా మీదా ఎర్రటి రాజసం, మధ్యలో మాత్రం నున్నటి మెడ.

పైడమ్మత్త కేక లైన్లన్నీ వినిపించింది.

"ఓలమ్మో! నా డేగకేటైపోయింది!"

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నాడని మన సామెత. నేను మెడ తడుముకున్నాను.

"ముంగిస పీకినట్టుందత్తా. చెరకు తోటంతా ముంగిసలే."

"ముంగిస మెడ పట్టుకుని, పీక కొరక్కుండా, కాళీ ఈకలే పీకి ఎలిపోనాదా?"

"కడుపు నిండిన ముంగిసేమో."

"మరి ఈకలెందుకు దానికి? తలగడ కుట్టుకుంటాదేటి?"

తలుపు వెనక సింహాలుకి దగ్గు తెర వచ్చింది. పాపం, చలికాలం పడలేదనుకున్నాను. పైడమ్మత్త కోడి మెడకి పసుపూ కొబ్బరి నూనే రాసి, పాత కోక చింపి తలపాగాలా చుట్టి, చాలాసేపు దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆవిడ కళ్లలో నీళ్లు చూసి నేను తల దించుకున్నాను. సముద్రం మధ్యలో ఇచ్చిన మాట అది. ఆ మాట మీద ఆవిడ కూతురు బతికింది.

"వంక ఉన్నాదో నేదో నానెవుర్ని సెప్పడానికి?" అంది చివరికి. "తల్లినే అడుగుతాను. వచ్చే ఆదివారం ఏటికి తీసుకెల్తాను. పసుపు నీల్లు సల్లితే కోడి ఒల్లు ఇదిలిస్తే తల్లి ఒప్పుకున్నట్టు. నేకపోతే నేదు. మొక్కు తీరకుండా మాత్రం పెల్లి నేదురా గురవా."

ఆవిడ గంగమ్మగా నిలిపిన రాయి ఎక్కడుందనుకున్నారు? దొర చేపలు పట్టే మడుగు పక్కనే.

ఆ ఆదివారమే దొరకీ చివరి రోజు. మిల్లు పొగ అప్పుడే లోయకి కనిపిస్తోంది. ఈ చివరన దొర మోకాలి లోతు చల్లటి నీళ్లలో నిలబడి దారం తిప్పుతున్నాడు. ఆ చివరన పైడమ్మత్త సింహాలుని పక్కన నిలబెట్టుకుని, రాయికి పసుపు రాసి వేడుకుంటోంది. మధ్యలో నేను, ఒక కన్ను చేప మీద, ఒక కన్ను కోడి మీద. మెల్లకన్ను రాకపోవడం నా అదృష్టం.

పైడమ్మత్త కోడి మెడకి చుట్టిన గుడ్డ విప్పి, దాని మీద పసుపు నీళ్లు చల్లింది. కోడి కదల్లేదు. విదిలించాలంటే నీళ్లు పట్టుకునే ఈకలు మెడ మీద ఉండాలి కదా! నీళ్లు బోడిమెడ మీంచి జారి కింద పడ్డాయి. మళ్లీ చల్లింది. పుంజు నన్ను మాత్రమే చూసింది. మూడోసారి కూడా చల్లింది.

"ఒప్పుకోడం నేదు తల్లి" అంది మెల్లగా. "నా మాట తప్పిపోనాది."

నిజం చెప్పేద్దామని నోరు తెరిచాను. సరిగ్గా అప్పుడే దొర కేక పెట్టాడు.

"గురయ్యా!"

గడ విల్లులా వంగిపోయింది. సాంగ పడింది! అది మడుగంతా కలియదిప్పింది. దొర దారం వదిలాడు, లాగాడు, మళ్లీ వదిలాడు. ఆ చేతుల ఓర్పు చూసి నా భయం కూడా మర్చిపోయాను. చివరికి చేప అలిసి ఒడ్డుకి వచ్చింది. నేను నీళ్లలోకి దూకి, దాన్ని కౌగిలించుకుని ఒడ్డు మీదికి తోశాను. అది సరాసరి గంగమ్మ రాయి ముందు పడి, పసుపు నీళ్ల చెంబుని తన్నేసింది. ఆ నీళ్లన్నీ దాని మీదే పడ్డాయి.

చేప తలనుంచి తోక దాకా ఒళ్లు విదిలించింది.

పైడమ్మత్త వంగి చూసింది. చేప పెదవికి వేలాడుతూ ఎర్రటి ఈక మెరుస్తోంది. ఆవిడ ఆ ఈకని చూసింది, కోడిని చూసింది, తరవాత చాలా తీరిగ్గా నన్ను చూసింది.

"ముంగిసా" అంది. "ఇలా రా. ఇది నా కోడి ఈకని దొరకి సెప్పు."

నేను దొర వైపు తిరిగాను. "సాబ్, చేప చాలా బాగుందంటోంది."

"థాంక్యూ చెప్పు."

"అత్తా, తప్పైపోయిందంటున్నాడు దొర."

"తప్పైపోతే పల్లికిలించుకుని సెప్తాడేటి?"

"దొరల తప్పు అలాగే ఉంటాదత్తా."

"తల్లికి మొక్కిన కోడి ఈకతో పడ్డాది. తల్లి ముందు ఒల్లు ఇదిలించింది. ఈ సేప తల్లిది. ఒగ్గీమని సెప్పు."

"సాబ్, ఈ చేపకి దేవుడి ఆశీర్వాదం ఉందంటోంది."

సింహాలు కొంగు నోట్లో కుక్కుకుని మరీ దగ్గింది. పైడమ్మత్త నన్ను భుజంతో పక్కకి నెట్టేసింది. లోయలో మగవాళ్లందరూ దూరంగా నడిచే కులంబరు ముందుకి సూటిగా వెళ్లి నిలబడింది. కోడిని ఎత్తి పట్టుకుని, ఆ బోడిమెడని చేప నోటి దగ్గరున్న ఈక పక్కన పెట్టింది. ఏ భాషా అక్కర్లేకపోయింది.

దొర మెడని చూశాడు. ఈకని చూశాడు. "గురయ్యా, చచ్చిపోయిన ముసలి కోడి ఇదేనా?" అన్నాడు.

నేను చచ్చిపోయిన ముసలి కోడిలా నిలబడ్డాను. ఆ తరవాత మొక్కూ ఓడా జ్వరమూ, జరిగిందంతా ఏదీ దాచకుండా చెప్పేశాను. దొర వేసవంతా కలగన్న చేప వైపు చూశాడు. ఆయన బెత్తం ఇప్పుడు నా వీపు మీద ఆడుతుంది, ఆ తరవాత పైడమ్మత్త మీదా ఆడుతుందేమో అనుకున్నాను. ఆయన మాత్రం పొలంలో ఎవరికీ తీయని టోపీ తీసి, రాయికి దూరంగా జరిగాడు. చేపని ఆవిడ వైపు చూపించాడు.

నేనైతే అక్కడితో ప్రాణం దక్కిందని పారిపోయేవాణ్ణి. పైడమ్మత్త కదల్లేదు. తనకున్న హిందుస్తానీ అంతా కూడగట్టుకుంది.

"సాబ్. మచ్చీ మిలా. కోఠరీ దో."

చేప దొరికింది, గది ఇవ్వు అని. నేను వేసవంతా వంగి వంగి నడుము విరగ్గొట్టుకుని చివరికి అడిగింది ఆవిడ నిటారుగా నిలబడి అడిగేసింది. దొర ఆవిడని చూసి, పెద్దగా నవ్వి, తలూపాడు. చేప నోట్లోని ఈకగాలం మాత్రం తను ఉంచుకుంటానని సైగ చేశాడు.

"ఉంచుకోమను" అంది పైడమ్మత్త. "పట్టినోడికి ముక్క పెట్టకపోతే తల్లికి కోపం. వండి డాలో సేమాకులో ముక్క పంపుతానని కూడా సెప్పు. ఈసారి సరిగ్గా సెప్పు."

ఆ మనిషిని చూస్తే నాకు దణ్ణం పెట్టాలనిపించింది. పెట్టాను కూడా. ఆవిడ నా చేతులు విడదీసి, వాటిలో కోడిని పెట్టింది.

"నీకు గది వచ్చింది కదా. దీన్ని తీసుకుపో. మెడ మీద ఈకలు మొలిచినాక రా. అప్పుడు సూద్దాం పెల్లి సంగతి."

ఆలూ లేదు, చూలూ లేదు, గదిలో మాత్రం కోడిపుంజు. మిల్లు నడిచినన్నాళ్లూ నా కాపురం దానితోనే. పగలంతా చెరకు కొట్టి వచ్చి, నా బియ్యంలో మెరికలు దానికి పెట్టి, నూక నేను తిన్నాను. చలికి వణుకుతుంటే నా కంబళి చింపి మెడకి చుట్టాను. అది మాత్రం తెల్లారకముందే నా చెవిలో కూసి పగ తీర్చుకునేది. తన కోడి కూయకపోతే ఊరికి తెల్లారదనుకుందట వెనకటికొక ముసలమ్మ. నాకు మాత్రం నా కోడికి ఈక మొలవకపోతే నిజంగానే తెల్లారదు. రోజూ దీపం దగ్గర పెట్టి వెతికేవాణ్ణి. మొదటి ఈక పొడుచుకొచ్చిన రోజున, తండ్రినైనట్టు లైనంతా తిరిగి చెప్పాను.

గాలి మళ్లీ వెచ్చబడింది. మడుగులో చేపలు ఎగరడం మొదలైంది. ఒక సాయంత్రం దొర నా గుమ్మం ముందు ఆగి, పుంజు మెడని ఎంతో మర్యాదగా, ఎంతో ఆకలిగా చూశాడు. నేను కోడికి అడ్డంగా నిలబడి, "సాబ్, ఇది ఇంకా బతికే ఉంది" అన్నాను.

నిగనిగలాడే మెడతో పుంజుని పైడమ్మత్త ముందు పెట్టాను.

"చూడత్తా, ఒక్క వంక లేదు. మొక్కు తీర్చేసుకో."

ఆవిడ ఆశ్చర్యంగా చూసింది. "మొక్కేటిరా? ఆ రోజే తీరిపోనాది కదా. తల్లి సేపని ఒప్పుకుంది, నాను వండి పెట్టీసినాను."

"మరి... ఇన్నాళ్లూ ఈ కోడి?"

"ఈకలు పీకడం ఏ ఎదవకైనా వచ్చురా. మొలిపించడం ఎంతమందికొచ్చు? కోడిని సూసుకున్నట్టు నా గుంటని సూసుకుంటే సాలు."

గోడ వెనకనుంచి దగ్గు వినిపించింది. ఈసారి నేను అడిగేశాను.

"నీకెప్పట్నుంచీ తెలుసు?"

"మొదటి నాలుగు ఈకల కాణ్నించి" అంది సింహాలు. "నాలుగుతో ఆగుతావనుకున్నాను. నువ్వు ముంగిస కత సెప్పిన రాత్రే అమ్మకి సెప్పీసినాను. ఏటికి ఎల్లేదాకా నువ్వే ఒప్పుకుంటావేమోనని సూసినాది."

అంటే ముంగిస గురించి నేను అంత వివరంగా చెబుతున్నప్పుడు కూతురికీ, ఏటి ఒడ్డున నా వైపు చూసినప్పుడు తల్లికీ అంతా తెలుసు. నా పెళ్లినాడు పుంజు పీట పక్కనే కూర్చుని అక్షింతలు ఏరుకు తింది. వయసు మీరి, తనంతట తనే కన్నుమూసింది.

కాబట్టి చదివేవారందరి సమక్షంలో, గంగమ్మ సాక్షిగా, సబేటో ఏరు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో పరుల కోడి ఈక ముట్టను. గాలికి ఎగిరొచ్చి నా ఒళ్లో పడినా, ఎవరిదో కనుక్కుని, వాళ్ల కోడికే అప్పగిస్తాను. తలగడలోంచి పొడుచుకొచ్చినా పీకను, లోపలికే తోస్తాను. ఏ ముంగిస మీదా ఇక నింద వేయను.

పొయ్యి దగ్గర మళ్లీ దగ్గుతోంది.